పంపు దాటాక మొదటి జాయింటు

ఫిబ్రవరి 24, సోమవారం

ఎజ్రా, జవాబు చెప్పు. పద్దెనిమిదేళ్లుగా శిరివెళ్ల సంఘంలో నిలబడి, ఎదురుగా కూర్చున్న వాళ్ల కళ్లలోకి చూసి, నీ ఇంటిని నీవు సరిచూసుకున్నావా అని గొంతు చించుకున్నావు కదా. నీ చేత్తో బిగించినదాన్ని నీవు సరిచూశావా?

చూశాను. ట్యాంకు చూశాను, పంపు చూశాను, పైపులన్నీ చూశాను. అన్నీ బాగున్నాయి.

ప్రసంగాలు రాసుకునే నోటుబుక్కులో వెనకవైపు నుంచి రాస్తున్నాను. ముందువైపు దేవునికి. ఇది నాకు. ఈ రోజు షెడ్డు తెరిచాను. ఒక ఆటో వచ్చింది, బ్రేకు పని. చేసి పంపాను.

ఫిబ్రవరి 26, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాస్తే నిలబడుతుంది.

జెస్సికా నా ఒక్కగానొక్క కూతురు. ఇరవై నాలుగేళ్లు. నంద్యాలలోనే ఆటోమొబైల్ డిప్లొమా చేసింది. కార్లను క్వార్టర్ మైలు నేరుగా పరుగెత్తించే డ్రాగ్ పందేలంటే ఆమెకు పిచ్చి. ఆళ్లగడ్డ రాజశేఖర్‌కూ అదే పిచ్చి. వాళ్లది పొలాలున్న పాత రైతు కుటుంబం, వీడు ఒక్కడే స్టీరింగ్ వైపు తిరిగాడు. జెస్సికా వాణ్ని అన్నా అని పిలిచేది, వాడు నన్ను చిన్నాయనా అంటాడు. ఇద్దరూ నూనెపల్లెలోని నా షెడ్డులో రెండు పాత చిన్న కార్లు విప్పారు. ఎర్రది ఆమెది, తెల్లది వాడిది. సీట్లు తీసేసి, డిక్కీలో ట్యాంకు పెట్టి, ట్యాంకుకూ మనిషికీ మధ్య ఇనుప రేకు అడ్డం కట్టారు. రెండింటికీ ఒకే పని, ఒకే వారంలో, ఒకే చేతులు.

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. కర్ణాటక సరిహద్దు అవతల, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే. ఎర్రకారు ముగింపు గీత దాటి ఆగింది. దాని కింద మంట. పెట్రోలు మంటైతే అందరికీ కనబడేది. వీళ్లు పోసేది మెథనాల్. దాని మంటకు పొగ ఉండదు, ఎండలో రంగు ఉండదు. చూసేవాళ్లకు కారు ఊరికే ఆగినట్టే ఉంది. కారు మీద గాలి వణకడం చూసి రాజశేఖరే ముందు పరుగెత్తాడు.

కారు వెనక, బయటివైపు, ఒక స్విచ్చు ఉంటుంది. తిప్పితే కరెంటు పోయి పంపు ఆగుతుంది, మంటకు ఇంధనం అందదు. మనుషులు దానికోసం వెతికారు. దొరకలేదు. ఇంజను ఆగినా పంపు తిరుగుతూనే ఉంది.

మంగళవారం, మూడో రోజు, ఆసుపత్రిలో.

ఆ ఆదివారం ఆ గంటలో నేను శిరివెళ్లలో ప్రసంగిస్తున్నాను. అగ్నిగుండంలో పడేసినా వెంట్రుక కాలని ముగ్గురు యువకుల గురించి. సంఘం ఆమేన్ అంది.

ఫిబ్రవరి 27, గురువారం

నిర్వాహకులది తప్పు. మంటలార్పే బండి ముగింపు గీత దగ్గర ఉండాలి, మొదట్లో కాదు. ఇది గట్టిగా రాసిపెట్టుకోవాలి.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పైపులన్నీ నేనే చూశాను.

మార్చి 2, ఆదివారం

శిరివెళ్ల వెళ్లాను. అన్నీ పోగొట్టుకున్నా దేవుణ్ని విడవని యోబు గురించి చెప్పాను. నా గొంతు నాకే పెద్దదిగా వినిపించింది. కూడిక అయ్యాక సంఘపెద్ద జ్ఞానప్రకాశం పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. "యాడో విశ్వాసం రవ్వంత తగ్గిందేమోప్పా. నిన్ను నువ్వు పరీక్షించుకో," అన్నాడు.

కాలర్ పట్టుకుందామనిపించింది. అంతలో మూడో వరుసలోంచి శివమ్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆరేళ్ల కిందట ఆమె మొగుడు ట్రాక్టరు తిరగబడి పోయినప్పుడు, సమాధి దగ్గరే, మట్టి ఇంకా తడిగా ఉండగానే, సరిగ్గా ఇదే మాట ఆమెతో అన్నవాణ్ని నేను.

ఆమె చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

మార్చి 5, బుధవారం

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. ఉపవాసం.

రాజశేఖర్ వచ్చాడు. బక్కచిక్కాడు, కుడి అరచేతికి ఇంకా కట్టు ఉంది. మంటలో జెస్సికా కారు తలుపు లాగిన చెయ్యి అది. షెడ్డులో ఎర్రకారు తీసుకొచ్చి కప్పిపెట్టిన మూల వైపు వాడు చూడలేదు. నన్నే చూస్తూ చెప్పాడు.

"ఇరవై మూడుకు తెల్ల బండి దింపుతాండా చిన్నాయనా. అదే రన్‌వే మీద. జెస్సీ పేరుతోనే."

ఎందుకప్పా అన్నాను. నలభయ్యో రోజు కూడిక ఇరవై రెండున పెడుతున్నారు కదా, మీరు ప్రార్థనతో తల్చుకుంటారు, నాకు వచ్చిన విధంగా నేను తల్చుకుంటా అన్నాడు. అయితే బండి ఒకసారి షెడ్డుకు తీసుకురా, డిక్కీ తెరిచి చూస్తాను అన్నాను.

"వద్దు. ఆ రేకు జెస్సీ బిగించింది. బోల్టు కదిలితే తెలియాలని ప్రతి బోల్టు మీదా తెల్ల పెయింటు గీత పెట్టింది, ఆమె చేత్తో. ఆ గీతలు చెరపనీను. నువ్వైనా సరే."

ఇంకోటి కూడా అడిగాడు. ఎర్రకారు వెనక ఉన్న వాక్యం తనకూ కావాలట. ఎట్లుందో అట్లనే, ఆడనే.

తెస్తానన్నాను.

మార్చి 6, గురువారం

ఆ వాక్యం గురించి రాయాలి.

ఫిబ్రవరి ఎనిమిది, శనివారం, రన్‌వే దగ్గరికి నేనూ వెళ్లాను. తనిఖీవాళ్లు ఎర్రకారు చూసి ముద్ర వేశారు. ఆ తర్వాత నేను బానెట్ మీద నూనె రాసి ప్రతిష్ఠ ప్రార్థన చేశాను. అగ్నిలో నడిచినా నీవు కాలవు అని దేవుడు తన జనానికిచ్చిన మాట ఉంది. దాన్ని నంద్యాలలో ఫ్లెక్సీ షాపులో స్టిక్కరుగా కొట్టించి తీసుకెళ్లాను. వెనకవచ్చే ప్రతి బండీ చదవాలని నా ఆశ. అక్షరాలు పెద్దవి. వెనక తలుపు నిండా వచ్చింది.

స్విచ్చు ఆ తలుపు పక్కన, కారు బయటి రేకులో, చిన్న మూత కింద ఉంది. మూత మీద నీలం త్రికోణం గుర్తు. స్టిక్కరు చివర ఆ మూత మీదికి వచ్చింది. పలచటి ప్లాస్టిక్కేగా, వేలితో పొడిస్తే చిరుగుతుందిలే అనుకున్నాను. నిజం రాయి ఎజ్రా. దేవుని మాట మధ్యలో ఆ గుర్తు అడ్డంగా కనబడటం నాకు నచ్చలేదు.

జెస్సికా సీట్లో కూర్చుని బెల్టులు సరిచూసుకుంటోంది. లోపలి నుంచే అడిగింది.

"నాయనా, గుర్తు కనపడతాందా?"

"కనపడతాందిలే తల్లీ."

ఇంకెవరి పనైనా దిగి చూసేది. నా పని చూడటానికి దిగలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు మాట వచ్చింది. వాళ్లకు స్విచ్చు ఎందుకు దొరకలేదని అడిగింది. సైతాను వాళ్ల కళ్లు కప్పాడు, ప్రార్థన చేసుకో అన్నాను. కళ్లు మూసుకుంది. నా బిడ్డ నాతో మాట్లాడిన ఆఖరి మాట ఒక ప్రశ్న. నేను ఆమెకిచ్చిన ఆఖరి మాట అబద్ధం.

మార్చి 7, శుక్రవారం

స్టిక్కరు మంటను ఆర్పనివ్వలేదు. కాని మంట పెట్టలేదు. మంట ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. రాయి తగిలి ఉండొచ్చు.

ఊరికే ఒక పని చేశాను. సొరుగులో పెట్రోలు బండ్లకు వాడే రబ్బరు పైపు ముక్క మిగిలి ఉంటే, ఒక సీసాలో మెథనాల్ పోసి అందులో వేసి మూత పెట్టాను. సీసా అలమర మీద ఉంది. ఊరికే.

మార్చి 9, ఆదివారం

ప్రసంగం చెప్పలేదు. గొంతు బాగాలేదన్నాను.

మార్చి 11, మంగళవారం

నెల.

సీసా చూడలేదు.

మార్చి 14, శుక్రవారం

ఆళ్లగడ్డ వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. రాజశేఖర్ పొలం దగ్గరున్నాడు. వాళ్లమ్మ గోవిందమ్మ వసారాలో ఉంది.

"ఏందప్పా ఎజ్రా, అట్ల ఎండలో నిలబడినావ్. రా, కూర్చో. మజ్జిగ తాగు."

ఉపవాసం అన్నాను. మజ్జిగకు గూడా మీ దేవుడు లెక్క రాస్తాడా అని నవ్వింది. తర్వాత ఆ నవ్వు పోయింది. కొడుకును వద్దని చెప్పి చూసిందట. తిండి మానేసి చూసిందట. వినలేదు. నా పక్కన కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"మీ దేవుడు మా దేవుడు అని నాకు ల్యాదప్పా. నువ్ చెయ్యి పెట్టిన బండి అని నాకు ధైర్యం. చూసినావ్ కదా దాన్ని? అంతా బాగుంది కదా?"

"చూసినా అమ్మా. బాగుంది."

తన గురువు ఎవరో తెలియదన్న పేతురు మీద నేను ఎన్నిసార్లు మండిపడ్డానో. అతనికి కోడి కూసింది. నాకు నంద్యాల బస్సు హారన్ కొట్టింది. వసారాలోనే ప్రార్థన చేసి లేచాను.

బస్టాండుకు నడిచే దారిలో విగ్రహాలు చెక్కే షెడ్లు. ఒకాయన పెద్ద రాయిని సుత్తితో మెల్లగా తడుతూ, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. లోపల పగులుంటే మోత తేడా వస్తుంది. ఉలి పెట్టక ముందే తెలుసుకోవాలి. నేను అటు చూడకుండా నడిచాను.

మార్చి 16, ఆదివారం

అరుణ గురించి రాయలేదు ఇంతవరకు. నా భార్య అరుణకుమారి, బళ్లో టీచరు. పెళ్లయిన రెండో ఏడు నుంచి నన్ను జెస్సీ నాయనా అని పిలిచేది. వీధి చివర నుంచి పిలిచినా అదే. ఇప్పుడు పిలవదు. చెప్పాల్సింది ఉంటే ఎదురుగా వచ్చి నిలబడి చెబుతుంది.

ఈ రోజు ఎదురుగా వచ్చి నిలబడి జెస్సికా నోటుబుక్కు నా ముందు పెట్టింది. బట్టల పెట్టెలో దొరికిందట. ఎర్రకారు పేజీ ఒకటి, తెల్లకారు పేజీ ఒకటి. ట్యాంకు మూత. గాలి గొట్టం. పంపు వైరు. రేకు సందులు. ఒక్కో దాని ఎదురుగా తన చేత్తో చూసి, పచ్చ ఇంకుతో టిక్కు. రెండు పేజీల్లోనూ ఒక్కచోట టిక్కు లేదు. అక్కడ ఒకటే మాట రాసి ఉంది.

పంపు దాటాక మొదటి జాయింటు: నాయన.

"దీనికి టిక్కు ఎందుకు పెట్టలేదు?" అంది అరుణ.

నాకు తెలియదన్నాను. బడిలో అబద్ధమాడే వాళ్లను చూసినట్టు చూసింది. కోపంగా కాదు. ఓపికగా.

మార్చి 17, సోమవారం

పైపులన్నీ నేనే చూశాను. పైపులన్నీ నేనే

మార్చి 18, మంగళవారం

సీసా తీశాను.

రబ్బరు ఉబ్బింది. నల్లగా నీరు దిగింది. వేలితో నొక్కితే అరటిపండులా లోపలికి పోయింది. పంపు మూతి లాంటి ఇత్తడి ముక్కకు ఎక్కించి క్లిప్పు బిగించి లాగాను. క్లిప్పు క్లిప్పులాగే ఉంది, రబ్బరు దాని కిందినుంచి జారి నా చేతిలోకి వచ్చింది. కాలిన ఎర్రకారులో దొరికిన క్లిప్పు కూడా అంతే. విడిపోలేదు, విరగలేదు. ఖాళీగా ఉంది.

ఇప్పుడు రాయి.

మెథనాల్‌కు మామూలు రబ్బరు ఆగదని జెస్సికా మొదటి రోజే చెప్పింది. లోపల టెఫ్లాన్, పైన స్టీలు అల్లిక ఉన్న పైపు బెంగళూరు నుంచి తెప్పించింది. రెండు కార్లకూ అది జానెడు తక్కువ వచ్చింది. మళ్లీ తెప్పిద్దాం నాయనా, నాలుగు రోజులు పడుతుంది అంది. ఆ శుక్రవారం శిరివెళ్లలో ఉపవాస ప్రార్థన. నాకు వెళ్లాలన్న తొందర. ఆమె తిండికి వెళ్లినప్పుడు, పంపు దాటాక జానెడు రబ్బరు వేసి, రెండు కార్లకూ బిగించేశాను. అయిపోయింది తల్లీ, సరిపోయింది అన్నాను. ఎట్ల సరిపోయింది నాయనా అని ఆశ్చర్యపోయింది. దేవుడు సరిచేశాడు అన్నాను. నవ్వి, రేకు పెట్టి, బోల్టులు బిగించి, పెయింటు గీతలు పెట్టింది.

నాకు తెలుసు. ఆ రబ్బరు ఆగదని వేస్తున్నప్పుడే నాకు తెలుసు. ఒక్క పందానికి ఆగుతుందిలే, దేవుడు చూసుకుంటాడులే అనుకున్నాను. దాన్నే విశ్వాసం అన్నాను. పద్దెనిమిదేళ్లు ఊళ్లకు అదే అమ్మాను.

తెల్లకారులో ఆ జానెడు ఇప్పటికీ ఉంది. నలభై రోజులుగా నానుతోంది. దాన్ని మూసిన రేకు బోల్టుల మీద నా బిడ్డ పెట్టిన గీతలున్నాయి. ఆ గీతల్ని వాడు ప్రాణంగా చూసుకుంటున్నాడు.

మార్చి 19, బుధవారం

వాక్యం తెరిచాను. ఓదార్పు కోసం కాదు, దాక్కోవడానికి. మోషే ధర్మశాస్త్రం దగ్గర తెరుచుకుంది. వందసార్లు చదివి దాటేసిన చోటు. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడినుంచి పడినవాడి రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది.

దాని మీద నేను ఒక్క ప్రసంగం చెప్పలేదు. అందులో కేక వేయడానికి ఏముంది అనుకునేవాణ్ని. ఎర్రసముద్రం కాదు, అగ్నిగుండం కాదు. ఇటుకలూ మట్టీ.

విశ్వాసముంటే పడరు అని దేవుడు రాయించలేదు. గోడ కట్టమని రాయించాడు.

నా బిడ్డ గోడ కట్టింది. రేకు, స్విచ్చు, టెఫ్లాన్ పైపు, పచ్చ టిక్కులు. ఇటుక ఇటుకా కట్టుకుంటూ వచ్చింది. రెండుచోట్ల నేను ఇటుక లాగేశాను. నా చేతిలో బైబిలు కూడా ఉంది అప్పుడు.

మార్చి 20, గురువారం

ఆ రోజే తెప్పించాల్సిన పైపు ముక్క ఈ రోజు పార్సెల్లో దిగింది. సోమవారం ఫోనులో ఆర్డరు పెట్టింది నేనే. పైపులన్నీ నేనే చూశాను అని రాసిన రోజే. మనిషి ఒక చేత్తో ఏం రాస్తాడో, ఇంకో చేత్తో ఏం చేస్తాడో.

రాజశేఖర్‌కు ఫోన్ చేశాను.

"చెప్పు చిన్నాయనా."

ప్రార్థన ఎన్నింటికి పెట్టుకుందాం అని అడిగాను. శుక్రవారం నాలుగ్గంటలకు బండి లారీ ఎక్కుతాది, ఆ లోపల ఎప్పుడైనా రా, స్టిక్కరు మరవొద్దు అన్నాడు. సరేనన్నాను. పెట్టేశాను.

పోయి, ఏదో సాకు చెప్పి వాణ్ని పక్కకు పంపి, రేకు తీసి పైపు మార్చి, మళ్లీ బిగించి, పెయింటు గీతలు నేనే పెట్టేస్తే? ఎవరికీ తెలియదు. వాడు బతుకుతాడు. నేనూ బతుకుతాను. మధ్యాహ్నమంతా ఈ ఆలోచనే. తెల్ల పెయింటు డబ్బా కూడా మూత తీసి చూశాను.

ఆమె గీత మీద నా దొంగ గీత.

మూత పెట్టేశాను.

సాయంత్రం అరుణ బడినుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే చెప్పాను. గడప దగ్గరే. స్టిక్కరు, రబ్బరు, సీసా, ఆసుపత్రిలో చెప్పిన మాట, గోవిందమ్మతో చెప్పిన మాట. ఒక్కటీ మిగల్చలేదు. ఆమె విడిచిన చెప్పు చేత్తో పట్టుకుని అట్లాగే గోడకు ఆనుకుంది. కిందికి జారి కూర్చుంది. చెప్పుతో కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఎంతసేపటికో, "నాకు టిక్కు లేనప్పుడే తెలుసు," అంది.

తర్వాత వంట చేసింది. ఇద్దరికీ పెట్టింది. తాను తినలేదు.

మార్చి 21, శుక్రవారం

తెల్లవారి ఏడయింది. సంచిలో పానాలు, కొత్త పైపు, కొత్త క్లిప్పులు, సీసా. ఉబ్బిన రబ్బరు అందులోనే ఉంది, సాక్ష్యానికి. స్టిక్కరు తీసుకోవడం లేదు. ఎనిమిది గంటల ఆళ్లగడ్డ బస్సు.

సంచి సర్ది అరగంటైంది. ఇంకా కూర్చుని రాస్తున్నాను. దావీదు తన కొడుకు చనిపోతే ఊరి కోటగుమ్మం మీది గదికి ఎక్కి ఏడ్చాడు. ఆ కొడుకు మీదికి దండును పంపింది తనే. ఏడుపులో అది చెప్పుకున్నాడా? వెతకాలి అని ఇప్పుడే పేజీ తిప్పబోయాను.

వద్దు ఎజ్రా. వాక్యం కింద దాక్కోవడం ఇదే.

ఇప్పుడే తలుపు దగ్గర గొంతు వినిపించింది. నలభై రోజుల తర్వాత.

"జెస్సీ నాయనా."

తలెత్తాను. బడి చీర కట్టుకుని నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గోవిందమ్మకు ఇంకా బిడ్డ ఉన్నాడు. పో."

క్షమించాననలేదు. నేనూ అడగలేదు.

విను ఎజ్రా. పల్పిట్ మీద ఎట్లా అరుస్తావో అట్లా నీకు నీవే అరుచుకో. రాజశేఖర్ కాళ్ల మీద పడాల్సొస్తే పడు. వాడు కొడితే నిలబడు. గోవిందమ్మ ముందే చెప్పు, ఆమె వసారాలోనే, అబద్ధమాడిన చోటే. బోల్టు వాడి చేత్తోనే విప్పించు, గీత చెరిగేటప్పుడు వాడు ఏడిస్తే ఆగు, ఆగి మళ్లీ విప్పించు. రబ్బరు కోసి బయట పడేయి. కొత్తది వాడికే ఇచ్చి బిగించమను, టిక్కు వాణ్నే పెట్టమను. స్విచ్చు మూత మీద గోరంత కాగితం కూడా ఉండనీయకు. అయినా బండి లారీ ఎక్కించక ముందే ఆ స్విచ్చు ఇంకోసారి తిప్పి చూపించమను.

ప్రార్థన బస్సులో చేసుకో. మోకాళ్లూనడం రేపు. నాలుగ్గంటలకు లారీ. ఆదివారం దాకా లేదు, రేపటి దాకా లేదు. పెన్ను కింద పెట్టు, లే, ఈ బస్సే ఎక్కు.